కూరగాయలు చవక చేయాలా, కూల్‌డ్రింకులను వెనక్కి నెట్టాలా?

ఆస్ట్రేలియాలోని మారుమూల అబొరిజినల్ (అక్కడి ఆదివాసీల) ఊళ్లలో చాలాచోట్ల ఉండేది ఒకటే దుకాణం. సరుకంతా దూరం నుంచి రావాలి కాబట్టి ధరలు మండిపోతాయి. పిల్లల్లో ఊబకాయం తగ్గించాలంటే ఆ దుకాణంలో మార్చాల్సింది ధరనా, సరుకుల అమరికనా?

ధర సంగతి 2013లో ఆ దేశపు ఉత్తర ప్రాంతమైన నార్తర్న్ టెరిటరీలో మొదలుపెట్టి 20 ఊళ్లలో పరీక్షించారు. పళ్లు, కూరగాయలు, నీళ్ల సీసాలు, చక్కెర లేని డ్రింకులపై 20 శాతం తగ్గింపు ఇస్తే, పళ్లు, కూరగాయల కొనుగోళ్లు దాదాపు 13 శాతం పెరిగాయి. బాగానే ఉంది. కానీ ఆ తగ్గింపు డబ్బు ఏటా ఎవరు కట్టాలి? పైగా క్యారెట్ కొన్న తల్లి కోక్ కొనదని గ్యారంటీ ఏమీ లేదు.

అమరిక ప్రయోగం 2018లో జరిగింది. దుకాణాలు నడిపే ఆదివాసీల సొంత సంస్థ ఆల్పాతో కలిసి 10 దుకాణాల్లో 12 వారాలు కొన్ని మార్పులు చేశారు. 600 మిల్లీలీటర్లు దాటిన కూల్‌డ్రింకు సీసాలను ఫ్రిజ్‌లోంచి తీసేశారు. చక్కెర ఎక్కువున్న సరుకులకు ఆఫర్లు ఆపేశారు. కౌంటర్ దగ్గర మిఠాయిలు పెట్టలేదు. దేన్నీ నిషేధించలేదు, పెద్ద సీసా కావాలంటే చల్లగా దొరకదు, అంతే. ఈ మార్పులు చేయని మరో 10 దుకాణాలతో పోలిస్తే అమ్ముడైన ఆహారంలో చక్కెర 2.8 శాతం తగ్గింది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, దుకాణం లాభం మాత్రం దెబ్బతినలేదు. వ్యాపారి భయమంతా అదే కదా!

నా ఓటు రెండోదానికే. అయితే రెండు ప్రయోగాలూ కొలిచింది బిల్లులనే, పిల్లల బరువును కాదు. నిర్ణయం బయటి అధికారుల చేతుల్లోకి పోతే ఆ అమరిక ఎన్నాళ్లు నిలుస్తుందన్నది కూడా అనుమానమే.