చిన్న డిజిటల్ కెమెరా: అనంతపురం దుమ్ములో, లేపాక్షి చీకట్లో

16 మెగాపిక్సెళ్లు, 5 రెట్ల జూమ్, 1/2.3 అంగుళాల సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్). అనంతపురంలో ఏళ్లుగా వాడుతున్న ఈ జేబు కెమెరాకు పగటి వెలుతురులో వంక పెట్టేదేమీ లేదు. పొద్దు వాలాక, గుడి మండపాల్లో, పెళ్లి పందిట్లో మాత్రం తేలిపోతుంది. అయినా ఫొటో పాడైన ప్రతిసారీ తప్పు సెన్సర్‌ది కాదు.

ముందు లెన్స్ అద్దం చూడండి. బల్బుల చుట్టూ తెల్లటి వెలుగు పరుచుకుంటే అది వేలిముద్రల జిడ్డు. చొక్కా అంచుతో తుడవకండి. ఇక్కడి దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది, రుద్దితే అద్దం మీది పూత గీరుకుపోతుంది. రబ్బరు బ్లోయర్‌తో ఊదాకే మైక్రోఫైబర్ గుడ్డ. అన్ని ఫొటోల్లోనూ ఒకే చోట నల్లమచ్చ ఉంటే దుమ్ము లోపలికి చేరినట్టే. పూర్తి జూమ్‌లో ఆకాశాన్ని తీస్తే ఇట్టే తెలుస్తుంది. దాన్ని ఇంట్లో బాగుచేయలేం, విప్పించాల్సిందే. అందుకే గాలి దుమారం లేచినప్పుడు కెమెరా ఆన్ చేయకపోవడం మేలు, జూమ్ గొట్టం సందుల్లో ఇసుక ఇరుక్కుంటుంది.

ఫ్లాష్ ఫొటోల్లో గుండ్రటి తెల్లచుక్కలు వస్తే అవి దయ్యాలూ కావు, లెన్స్ జబ్బూ కాదు. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి గాల్లోని దుమ్ము దాని వెలుగుకు మెరుస్తుంది. ఫ్లాష్ ఆపితే పోతాయి.

ఇక మసక. ఫొటో అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. వెనక గోడ స్పష్టంగా ఉండి మొహం మసకైతే ఫోకస్ తప్పింది; బటన్ సగం నొక్కి, పచ్చ గుర్తు వచ్చాకే పూర్తిగా నొక్కాలి. మనుషులు మాత్రమే చెదిరితే షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తెర) నెమ్మదైంది. దీనికి జూమ్ కూడా కారణమే. వైడ్‌లో, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్/3.2 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) ఉన్న లెన్స్ పూర్తి జూమ్‌లో ఎఫ్/6.3కి పడిపోతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు పావు వంతే. సాయంత్రం జూమ్ మాని నాలుగడుగులు ముందుకు నడవండి. డిజిటల్ జూమ్‌ను మెనూలో శాశ్వతంగా ఆపేయండి, అది ఫొటోను కత్తిరించి పెద్దది చేయడం తప్ప ఇంకేమీ కాదు.

ఆటో మోడ్‌కు వదిలేస్తే చీకట్లో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే తీవ్రత) 1600 దాకా ఎక్కి మొహాలు మైనపు బొమ్మల్లా వస్తాయి. ఐఎస్ఓను మనమే పెట్టుకోగల ప్రోగ్రామ్ మోడ్‌లో 400 దాటనివ్వకండి. లేపాక్షి నాట్యమండపం పైకప్పు చిత్రాలకైతే ఐఎస్ఓ 100, ఫ్లాష్ ఆఫ్. కెమెరాను నేల మీద వెల్లకిలా పెట్టి, 10 సెకన్ల టైమర్ నొక్కి పక్కకు జరగండి. షట్టర్ ఒక సెకను తెరుచుకున్నా బండ కదలదు కదా. ఈ పద్ధతిలో వచ్చిన రంగులు చూస్తే ఇది ఆ కెమెరాయేనా అనిపిస్తుంది.

గండికోటలో సమస్య వేరు. లోయలోని నీడను చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, ఆకాశం తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫొటో వెలుతురు స్థాయిని) −0.7కి దించండి. నల్లబడిన రాయిని తర్వాత కంప్యూటర్‌లో లేపుకోవచ్చు, మాడిన ఆకాశం తిరిగి రాదు. మిట్టమధ్యాహ్నపు మసక మాత్రం గాలిలోది, ఏ సెట్టింగూ దాన్ని తీసేయలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బాగోలేకపోతే ఇమేజ్ సైజు చూడండి. పిల్లల చేతిలో పడి 640×480 పిక్సెళ్లకి మారి ఉండొచ్చు. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.