హన్మకొండలో నాటకాల క్లాసు: రెండు వందలకు నోరా మళ్లీ పరిచయమైంది

మొన్న ఆదివారం నక్కలగుట్టలో ఒక నాటక పఠన క్లాసుకు వెళ్లాను. టీతో కలిపి ఫీజు రెండు వందలు. యూరప్ నాటకాల్లో ఆడవాళ్లను పాత చైనా నీతితో చూడటం ఆ రోజు విషయం.

ఎక్కువసేపు నార్వే రచయిత ఇబ్సెన్ 1879 నాటకం 'ఎ డాల్స్ హౌస్' మీదే నడిచింది. పెళ్లికి ముందు తండ్రి మాట, తర్వాత భర్త మాట, ఆయన పోయాక కొడుకు మాట వినాలనేది పాత చైనా గురువు కన్ఫ్యూషియస్ పేరుతో వచ్చిన పద్ధతి, ఆ లెక్కన భర్తనూ ముగ్గురు పిల్లలనూ వదిలి వెళ్లిన ఆ నాటక నాయిక నోరాది తప్పే అనుకుంటాం. కానీ ఆమె అప్పు కాగితం మీద తండ్రి పేరుతో దొంగ సంతకం పెట్టింది భర్త ప్రాణం కోసం, చావుబతుకుల్లో ఉన్న తండ్రిని కష్టపెట్టొద్దని, అంటే ఆ నీతి అడిగిందే చేసింది కదా! ఇన్నేళ్లలో నాకు ఇది తట్టనే లేదు.

వెళ్లిపోయాక నోరా ఏమవుతుందని చైనా రచయిత లూ షున్ 1923లో బీజింగ్‌లో ప్రసంగించాడట, చేతిలో డబ్బు ఉండాలన్నాడట. అది వినగానే నా పక్కన కూర్చున్న టైలరింగ్ అక్క పెన్ను కింద పెట్టి, "నిజమే చెల్లె, పైసల్లేకుంటే ఎటు పోతం?" అంది.

పాత గ్రీకు నాటకంలో అన్నకు అంత్యక్రియలు చేసిన ఆంటిగొనీని మాత్రం పదిహేను నిమిషాల్లో ముగించారు, అది బాధనిపించింది. జిరాక్సు కాగితాల్లో చివరి లైన్లు కోసుకుపోయాయి, అద్దాలు పెట్టుకున్నా చదవలేకపోయాం. టీచర్ మాత్రం ఎవరు అడ్డొచ్చినా ఓపిగ్గా జవాబిచ్చారు. తప్పకుండా వెళ్లండి. వచ్చేసారి మా అత్తమ్మను కూడా తీసుకెళ్తున్నా.