ఒకే ట్రిగర్‌పై మూడు ఎలక్ట్రానిక్ లోడ్లు: దీర్ఘకాలం వాడిన తరువాత

12, 5, 3.3 వోల్టుల అవుట్‌పుట్లున్న పవర్ సప్లైలను పరీక్షించడానికి మూడు డీసీ ఎలక్ట్రానిక్ లోడ్లను (సప్లై నుంచి మనం అమర్చినంత కరెంట్ లాగే పరీక్షా పరికరాలు) ఒకే ట్రిగర్ సిగ్నల్‌కు, అంటే 'ఇప్పుడు మొదలుపెట్టు' అనే సంకేతానికి, కలిపి చాలాకాలంగా వాడుతున్నాను. మూడు అవుట్‌పుట్లపైనా లోడు ఒకేసారి, హఠాత్తుగా పెరిగితే వోల్టేజి ఎంత పడిపోతుందో, ఎంతసేపటికి తేరుకుంటుందో చూడాలంటే ఈ ఏర్పాటు తప్పనిసరి అని నా అభిప్రాయం. కంప్యూటర్ నుంచి లాన్ ద్వారా ఒక్కొక్క లోడుకూ విడిగా ఆదేశం పంపితే వాటి మధ్య మిల్లీసెకన్ల తేడా వస్తుంది, అది కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు; రెండో లోడు కదిలేసరికి మొదటి అవుట్‌పుట్ చాలావరకు తేరుకునే ఉంటుంది.

అందువల్ల కరెంట్ విలువలను ముందే లోడ్లలో నింపి, ట్రిగర్ మూలాన్ని 'ఎక్స్‌టర్నల్'కు మార్చి, ఫంక్షన్ జనరేటర్ (కోరిన సిగ్నల్‌ను తయారుచేసే పరికరం) నుంచి ఒక్క 5 వోల్టుల పల్స్ ఇస్తాను. కేబుళ్ల పొడవు గురించి చాలామంది ఆందోళన పడతారు గానీ, కోయాక్సియల్ కేబుల్‌లో మీటరుకు సుమారు 5 నానోసెకన్ల ఆలస్యమే కనుక ఈ పనిలో అది లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేది స్లూ రేటు, అంటే లోడు కరెంట్ పెరిగే వేగం. మైక్రోసెకనుకు 1 ఆంపియరు చొప్పున పెరిగే లోడు 20 ఆంపియర్లకు చేరడానికి 20 మైక్రోసెకన్లు పడితే, అందులో సగం వేగానికి అమర్చిన లోడుకు 40 పడతాయి. రెండింటికీ ట్రిగర్ ఒకేసారి అందినా కరెంట్లు కలిసి చేరవు. కాబట్టి మూడు లోడ్లూ ఒకే మోడల్‌వి కావడం ఎంతో మేలు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది గ్రౌండ్. కొన్ని లోడ్లలో ట్రిగర్ సాకెట్ గ్రౌండ్, లోడు నెగటివ్ టెర్మినల్‌తో లోపలే కలిసి ఉంటుంది. అలాంటివాటిని ఒకే కేబుల్‌తో కలిపితే లోడు కరెంట్‌లో కొంత భాగం ఆ కేబుల్ సన్నని షీల్డ్ (బయటి లోహపు అల్లిక) గుండా తిరిగిరావచ్చు. వేర్వేరు పొటెన్షియల్‌లో ఉన్న సప్లైలయితే షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చు. ప్రతి లోడుకూ విడి ఐసొలేటర్ (నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా సిగ్నల్‌ను మాత్రమే దాటించే భాగం) పెట్టడమే నాకు నమ్మకమైన దారి. కాంతి ద్వారా సిగ్నల్ దాటించే సాధారణ ఆప్టోకప్లర్ల ఆలస్యం మైక్రోసెకన్లలో ఉండి ఒక్కొక్కదానికీ మారుతుంది, కనుక డిజిటల్ ఐసొలేటర్లే వాడతాను.

ఈ పద్ధతిని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. అయితే కొత్తగా కొనేవారు ట్రిగర్ ఇన్‌పుట్ ఐసొలేట్ అయి ఉందో లేదో మాన్యువల్‌లో ముందే చూడాలి, అమర్చిన తరువాత ట్రిగర్ పల్స్‌ను కాక మూడు కరెంట్లనూ కరెంట్ ప్రోబులతో ఆసిలోస్కోపుపై పోల్చుకోవాలి.