ఉప్పుగాలిని తట్టుకున్న గేర్ల సైకిల్

తీరం వెంట తీరిగ్గా తొక్కడానికి సైకిల్ కొనాలనుకునేవారికి నా సలహా ఒకటే: ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగు) ఉన్నదాని జోలికి వెళ్లకండి. నాది అల్యూమినియం ఫ్రేము, మామూలు ఫోర్కు, 21 గేర్లు, 35 మిల్లీమీటర్ల టైర్లు ఉన్న, తారు రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే హైబ్రిడ్ సైకిల్. కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఉప్పు, ఇసుక చేరి పాడయ్యే భాగం ఒకటి తగ్గడమే దీనిలో నాకు బాగా నచ్చిన విషయం.

తిరుపతి నుంచి సముద్రం దాకా తొక్కుకుంటూ వెళ్లను. మీట తిప్పితే ముందు చక్రం ఊడి వస్తుంది కాబట్టి సైకిల్ కారు వెనుక సీటులో పట్టేస్తుంది. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరి, అక్కడ చక్రం బిగించుకుని శ్రీహరికోట వైపు పులికాట్ మీదుగా సాగే రోడ్డెక్కుతాను. ఎక్కడా ఎత్తు ఉండదు, రెండు పక్కలా సరస్సే. అంతరిక్ష కేంద్రం గేటుకు ముందే వెనక్కి తిరగాలి, కానీ ఆ లోపు చూడాల్సింది బోలెడు. చలికాలంలో ఫ్లెమింగోలు లోతు లేని నీళ్లలో తల కిందికి వంచి, ముక్కుతో జల్లెడ పట్టినట్టు మేస్తాయి. పెడల్ ఆపితే వెనుక చక్రంలోని ఫ్రీవీల్ టకటకలాడుతుంది. అందుకే పక్షులు రోడ్డుకు దగ్గరగా ఉన్నచోట ఆపకుండా మెల్లగా తొక్కుతూనే ఉంటాను.

ఎండ కాసే రోజునే ఎంచుకోండి. నేల వేడెక్కాక సముద్రం మీది గాలి లోపలికి వీస్తుంది. పొద్దున్నే, గాలి పెద్దగా లేనప్పుడు తూర్పుకు వెళ్లి, ఎండ ముదిరాక పడమటికి తిరిగితే ఆ గాలి వీపును తోస్తుంది. ఆ దారిలో నీడ దొరకడం కష్టం కాబట్టి రెండు సీసాల నీళ్లు తప్పనిసరి.

చదునైన దారిలో మధ్య గేర్లు చాలు. మిగతావి భాకరాపేట ఘాట్ లాంటి చోట అక్కరకొస్తాయి. సీటు గట్టిది, కానీ నడుము పట్టదు. బ్రేకులు బాగా పడతాయి. రబ్బరు దిమ్మెల్లో ఇసుక చిక్కితే మాత్రం రిమ్మును గీకేస్తుంది, గోటితో తీసేయాలి.

అసలు పరీక్ష చైనుది. ఫ్రేముకు తుప్పు పట్టదు, చైను, బోల్టులు ఉక్కువి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి తుప్పు త్వరగా లేస్తుంది. వాకాడు నుంచి తూపిలిపాలెం బీచికి వెళ్లొచ్చిన మర్నాడే లింకుల అంచుల్లో ఇటుక రంగు కనిపిస్తుంది. ఇంటికి రాగానే మంచినీటిలో తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పెడల్ వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేస్తాను. కాసేపాగి పైపైన మిగిలిన నూనెను తుడిచేయడం ముఖ్యం. లేకపోతే అది ఇసుకను పట్టుకుని గేరు చక్రాల పళ్లను అరగదీస్తుంది. దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు, చెప్పి తీరాలి. సీటు గొట్టానికి కూడా గ్రీజు రాయకపోతే ఫ్రేములో బిగుసుకుపోతుంది.

ఇక పంక్చర్లు. సరస్సు పక్క మట్టి దారుల్లో సర్కారు తుమ్మ ముళ్లు పరుచుకుని ఉంటాయి. ట్యూబుకు అతుకు వేసినంత మాత్రాన సరిపోదు. టైరు లోపలి వైపు దూదితో చుట్టూ రాయండి. ముల్లు మొన ఎక్కడుంటే అక్కడ దూది పోగు చిక్కుకుంటుంది. దాన్ని లోపలి నుంచి బయటికి నెట్టి తీసేశాకే ట్యూబు ఎక్కించాలి. ఈసారి టైర్లు మార్చేటప్పుడు ముళ్లకు అడ్డుగా లోపల మందమైన పొర ఉన్నవి వేయిస్తాను. బరువు కాస్త పెరిగినా తీరిగ్గా తొక్కేవాడికి అది లెక్క కాదు.