చేతి వణుకుకు కరెంటు బ్యాండు: రెండేళ్లు దాటిన నా వాడకం

ముందే చెప్పేస్తాను, మణికట్టుకు కట్టుకునే ఈ బ్యాండు వణుకును పోగొట్టదు. కొంతసేపు అదుపులో ఉంచుతుంది. ఆ కొంతసేపే నాకు ఎంతో విలువైనది.

నాకున్నది ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు జబ్బు. ఒళ్లో పెట్టుకున్న చెయ్యి బాగానే ఉంటుంది, గ్లాసు ఎత్తబోతే మొదలవుతుంది. ఆస్తమా ఉండడంతో, దీనికి ఇచ్చే ప్రొప్రనలాల్ మందు నాకు పడదన్నారు తిరుపతిలో చూపించుకున్న న్యూరాలజిస్టు. ఇంకో మందు ప్రిమిడోన్ వేసుకుంటే పగలంతా మత్తు. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ ఆపరేషన్‌కు మనసొప్పలేదు. అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు అక్కడి డాక్టరు ఈ బ్యాండు రాసిచ్చారు. ఈ రకం పరికరానికి, అక్కడ మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది.

బ్యాండులోని సెన్సర్ మన వణుకు వేగాన్ని కొలుచుకుంటుంది. ఆ వేగానికి తగ్గట్టు మణికట్టు దగ్గరి మీడియన్, రేడియల్ నరాలకు మార్చి మార్చి చిన్నపాటి కరెంటు పంపుతుంది. అది నరాల మీదుగా మెదడులోని థాలమస్‌ దాకా వెళ్లి, వణుకు పుట్టించే లయను చెదరగొడుతుందని డాక్టరు చెప్పారు. సెషన్ 40 నిమిషాలు. వేళ్లలో చీమలు పాకినట్టు ఉంటుంది, నొప్పి లేదు.

ఆ తర్వాత నాకు గంట, ఒక్కోరోజు ఇంకాస్త ఎక్కువసేపు చెయ్యి నిలకడగా ఉంటుంది. బ్యాంకులో సంతకం పనుంటే ఇంట్లోనే సెషన్ ముగించుకుని బయల్దేరతాను. గోవిందరాజస్వామి గుడిలో అర్చకులు ఉద్ధరిణెతో పోసిన తీర్థం, మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంటే తప్ప అరచేతిలో నిలిచేది కాదు. మోచేతి దాకా కారిపోయేది. వెనక వరుసలో వాళ్లు చూస్తున్నారని చెయ్యి చాపడమే మానేశాను కొన్నాళ్లు. ఇప్పుడు ఆ తీర్థం నోటిదాకా వస్తోంది. నాకు ఇంతకన్నా పెద్ద లాభం అక్కర్లేదు.

టెన్షన్ పడినా, రాత్రి నిద్ర చాలకపోయినా ఫలితం బాగా తగ్గిపోతుంది. కట్టిన చేతికే పనిచేస్తుంది. తల వణుకు, గొంతు వణుకు అలాగే ఉన్నాయి. మన మే నెల ఎండల్లో చెమటకు బ్యాండు కింద చర్మం ఎర్రబడి దురద పెడితే, మానేదాకా ఆపేశాను. ఇక బ్యాండు అరిగినప్పుడల్లా కొత్తది అమెరికా నుంచి తెప్పించుకోవడం నాకు భారమే. అక్కడ మనవాళ్లు లేనివాళ్లు కొనేముందు ఈ సంగతి బాగా ఆలోచించుకోండి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు దీన్ని వాడకూడదు. ఫిజియోథెరపీలో నొప్పులకు పెట్టే టెన్స్ మెషిన్ ఇలాంటిదేగా అని మణికట్టుకు పెట్టుకోవద్దు. దానికి మన వణుకు వేగాన్ని కొలిచే ఏర్పాటు లేదు.