పదిహేనేళ్ల వాడకం తర్వాత: యుద్ధపాటలున్న మూడు పాత హాలీవుడ్ డీవీడీలు

2010లో మా బావ న్యూజెర్సీ నుంచి వస్తూ చాక్లెట్లకు బదులు మూడు డీవీడీలు తెచ్చాడు. యాంకీ డూడుల్ డాండీ, ఫర్ మీ అండ్ మై గాల్, దిస్ ఈజ్ ది ఆర్మీ. మొదటి రెండూ 1942వి, మూడోది 1943ది. అమెరికా రెండో ప్రపంచయుద్ధంలో దిగాక హాళ్లకొచ్చిన మ్యూజికల్స్, అంటే పాటలూ డాన్సులతో నడిచే సినిమాలు. అప్పటి నుంచీ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ముందు డబ్బు పెట్టేవాళ్లకు పనికొచ్చే మాట. డీవీడీలకు దేశాన్ని బట్టి రీజియన్ అని ఒక నంబరుంటుంది, అది కలవకపోతే చాలా ప్లేయర్లు ఆడించవు. అమెరికా డిస్కులు రీజియన్ 1, మన దేశానిది 5. మా హాల్లో ఉన్న ప్లేయర్ డిస్కును లోపలికి తీసుకుని, కాసేపు గరగరలాడి, బయటికి తోసేసింది. చివరికి లాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో సాఫ్ట్‌వేర్ వేసుకుని, వైరు టీవీకి పెట్టి చూశాం. ఇప్పటికీ అంతే. ఇంకోటి, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్న డిస్కే తీసుకోండి. యాంకీ డూడుల్ డాండీ హీరో జేమ్స్ కాగ్నీ మాటల వేగం అందుకోవడం మనవల్ల కాదు.

ఈ సినిమాల్లో వినిపించే పాటల్లో చాలావాటికి అప్పటికే పాతికేళ్లు. అవి మొదటి ప్రపంచయుద్ధం నాటివి. హాల్లో కూర్చున్న తండ్రులు తమ వయసులో పాడుకున్న పాటలు తీసి, కొడుకుల్ని పంపించడానికి మళ్లీ పాడించారు. ఈ సంగతి నాకు మొదట్లో తట్టలేదు. ట్యూన్లు బాగున్నాయి, చాలనుకున్నాను.

యాంకీ డూడుల్ డాండీ పాటల రచయిత జార్జ్ ఎం. కోహాన్ కథ. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధం ప్రకటించగానే ఆయన రాసిన ‘ఓవర్ దేర్’ దీనికి ఆయువుపట్టు. మిలటరీ బాకా పలికే రెండు మూడు స్వరాల్లాంటి వాటి మీద కట్టిన పాట. ఒక్కసారి వింటే పళ్లు తోముకునేటప్పుడు కూడా వదలదు. వయసు మీరిందని సైన్యంలో చేర్చుకోకపోతే కోహాన్ వేషంలో ఉన్న కాగ్నీ ఆ ఆఫీసులోనే డాన్స్ చేసి చూపించడం, చివర్లో వైట్‌హౌస్ మెట్ల మీద స్టెప్పులేస్తూ దిగి, బయట కవాతు చేస్తున్న సైనికుల్లో కలిసిపోవడం, ఇవి ఎన్నిసార్లు చూసినా పనిచేస్తాయి. దీనికి కాగ్నీకి ఆస్కార్ ఊరికే రాలేదు. న్యూయార్క్‌లో మొదటి ఆట 1942 మే 29న వేశారు. దానికి సీటు కావాలంటే యుద్ధ ఖర్చుకోసం ప్రభుత్వం అమ్మే బాండ్లు కొనాలి. అంటే సినిమా కూడా ఒక రకంగా కవాతులోనే ఉందన్నమాట.

మొదటి రెండేళ్లు నాకు ఇదే నంబర్ వన్. మా అమ్మమ్మ దాన్ని కొంచెం పాడుచేసింది. ఒక ఆదివారం పక్కన కూర్చుని ‘ఓవర్ దేర్’ మొత్తం చూసి, “ఏరా, వీళ్లు యుద్ధానికెళ్తున్నారా, పెళ్లికెళ్తున్నారా?” అంది. ఆవిడది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పుడు ఆవిడకి పదేళ్లు. సామాన్లు మూటకట్టి, బండెక్కి లోపలి ఊళ్లకు వెళ్లిపోయారట. ఆ తర్వాత రెండు నెలలైనా తిరక్కుండానే న్యూయార్క్‌లో ఈ సినిమాకు చప్పట్లు కొట్టారు. సినిమాలో తప్పేం లేదు, అది చెయ్యాల్సిన పని అది చేసింది. కానీ ఆ పాట వచ్చినప్పుడల్లా నాకు ఆ పెళ్లి మాట గుర్తొచ్చేస్తోంది.

ఫర్ మీ అండ్ మై గాల్ నాకు ఆలస్యంగా ఎక్కింది. జీన్ కెల్లీకి ఇదే మొదటి సినిమా. జూడీ గార్లాండ్‌తో కలిసి ఊరూరా తిరిగి స్టేజీ మీద ఆడిపాడే కుర్రాడి వేషం. న్యూయార్క్‌లోని ప్యాలెస్ థియేటర్‌లో ఆడటం ఇద్దరి కల. అది చేతికందే సమయానికి సైన్యం నుంచి పిలుపు. అది తప్పించుకోవడానికి కెల్లీ తన చేతిని తనే ట్రంకుపెట్టె మూత కింద పెట్టి నలగ్గొట్టుకుంటాడు. అంతలోనే జూడీ తమ్ముడు యుద్ధంలో పోయాడని టెలిగ్రాం వస్తుంది. మ్యూజికల్ చూద్దామని కూర్చున్నవాడికి కడుపులో దేవినట్టవుతుంది.

తర్వాత జూడీ ఫ్రాన్స్ వెళ్లి సైనికుల ముందు పాడుతుంది. పాటలన్నీ మళ్లీ హుషారైనవే, ‘టిప్పరరీ’, ‘ప్యాక్ అప్ యువర్ ట్రబుల్స్’ లాంటివి. ‘టిప్పరరీ’ నిజానికి యుద్ధం పాటే కాదు. 1912లో జాక్ జడ్జ్ అనే ఆయన కట్టిన మ్యూజిక్‌హాల్ పాట, అంటే జనం వినోదానికి స్టేజీ మీద పాడేది. లండన్ వచ్చిన ఐరిష్ వాడికి ఇంటి మీద బెంగ, అంతే అందులో విషయం. రెండేళ్ల తర్వాత సైనికులు దాన్ని తమదిగా చేసుకున్నారు. తమ్ముణ్ని పోగొట్టుకున్న పిల్ల నోట వింటుంటే ఆ బెంగే మళ్లీ పైకి తేలుతుంది. ముఖంలో నవ్వుంటుంది, గొంతు మాత్రం నవ్వదు. ఈ ముక్క అమ్మమ్మ కూడా మాట్లాడకుండా చూసింది.

లోపం లేదని కాదు. చివర్లో కెల్లీని హడావుడిగా హీరోని చేసేశారు. ముందస్తు ఆటల్లో జనానికి అతని పాత్ర నచ్చకపోవడంతో ముగింపు మళ్లీ తీశారు. ఆ అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

దిస్ ఈజ్ ది ఆర్మీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చాలా సాగుతుంది. నా డిస్కు ఏదో చౌకరకం ముద్రణ, రంగులన్నీ ఉతికి ఆరేసినట్టున్నాయి. తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని నల్లజాతివాళ్లను వెక్కిరిస్తున్నట్టు ఆడే ఘట్టం ఒకటుంది, అది నేను రిమోట్‌తో దాటేస్తాను. కానీ 1918లో తానే రాసిన పాటను ఈ సినిమా పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్ స్వయంగా, ఆనాటి యూనిఫారం వేసుకుని పాడతాడు చూడండి. పొద్దున్నే నిద్రలేవడం నా వల్ల కాదు, ఆ బాకా ఊదేవాణ్ని ఏదో ఒకరోజు చంపేస్తాను అని. యాభై ఐదేళ్ల మనిషి, పీలగొంతు. సైనికుడి అసలు కష్టం గురించి ఈ మూడు డిస్కుల్లోనూ నవ్వుతూ నిజం చెప్పింది ఈ పాటొక్కటే. దీనికోసం డిస్కు ఉంచుకున్నాను.

అన్నట్టు అదే 1943లో మన దగ్గర కిస్మత్ అనే హిందీ సినిమా వచ్చింది. ‘దూర్ హటో’ (దూరం పొండి) పాటలో జర్మన్, జపాన్ అని రెండు శత్రుదేశాల పేర్లు చేర్చి, అది రాసిన ప్రదీప్ బ్రిటిష్ సెన్సార్ కళ్లుగప్పాడు. హాల్లో జనానికి తెలుసు, పొమ్మంటున్నది బ్రిటిష్ వాళ్లనని. యుద్ధపాట మీద ఇంత చమత్కారమైన దెబ్బ హాలీవుడ్ వాళ్లకు తట్టలేదు, వాళ్లకు ఆ అవసరమూ రాలేదు.

నా మార్కులు: కాగ్నీకి ఐదుకి నాలుగు, జూడీకి నాలుగున్నర, బెర్లిన్‌కి రెండు, ఆ ఒక్క పాటకి విడిగా ఐదు. యాంకీ డూడుల్ డిస్కు మీద గీతలు పడి వైట్‌హౌస్ మెట్ల దగ్గర ఒక క్షణం ఆగుతోంది. అయినా ఎవరైనా అడిగితే అదే ఇస్తాను. జూడీది మాత్రం అప్పివ్వను.