నాలుగు వేసవులు చూసిన స్ప్రింక్లర్లు

గుంటూరు గోరంట్ల వైపు ఇల్లు కట్టుకున్నాక ముందున్న సెంటున్నర జాగాలో పచ్చిక వేయించాను. నర్సరీవాళ్లు చాపల్లా తెచ్చి పరిచింది సెలెక్షన్ రకం గడ్డి, అంటే గరికలోనే ఒక రకం. ఆ సంగతి తెలిసిన రోజు అమ్మ, "ఉన్న గరిక పీకించి, డబ్బులిచ్చి గరిక వేయించావా నాయనా" అంది. దానికి తడి పెట్టడానికి టైమర్‌తో నడిచే స్ప్రింక్లర్లు బిగిస్తే మోటారుతో కలిపి 46 వేలైంది. అమ్మకు సగమే చెప్పాను.

సరంజామా పెద్దదేమీ కాదు. నేలలో దాగి ఉండి నీళ్లు రాగానే పైకి లేచే స్ప్రింక్లర్లు ఎనిమిది, వాటిని రెండు జట్లుగా నడిపే వాల్వులు రెండు, ఒక ఫిల్టర్, గోడకు టైమర్ పెట్టె. మేడ మీద ట్యాంకు ఉంది కాబట్టి వేరే మోటారు అక్కర్లేదన్నాడు బిగించిన మనిషి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక కిలో ప్రెషర్, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకు అంత ఎత్తులో కూడా లేదు. ఈ స్ప్రింక్లర్లు సరిగా పనిచేయాలంటే రెండు కిలోలు ఉండాలి. మొదటి రోజు అవి సగం లేచి, జలుబు చేసిన ముక్కులా నీళ్లు కార్చి, మళ్లీ కూలబడ్డాయి. మరో వారానికి అర హార్స్‌పవర్ మోటారు తగిలించాక లేచి నిలబడ్డాయి.

అసలు చిక్కు నేలతో వచ్చింది. మాది నల్లరేగడి. ఎండితే వేలు దూరేంత నెర్రెలు ఇస్తుంది, తడిసి ఉబ్బిందంటే పై నీటిని లోపలికి వెళ్లనివ్వదు. పదిహేను నిమిషాలు ఏకధాటిగా వదిలితే ఆరో నిమిషం నుంచే నీళ్లు గేటు కిందుగా రోడ్డెక్కేవి. ఎంత పడుతోందో చూద్దామని వంటింట్లోని స్టీలు గిన్నెలు ఎనిమిది తెచ్చి పచ్చికంతా సర్దాను. పావుగంటకు గోడవార గిన్నెలో స్కేలు పెడితే పది మిల్లీమీటర్లు, గేటు దగ్గర నాలుగే. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరంటే లీటరు నీళ్లు. ఆ లెక్కన ఒక మూల మునుగుతోంది, ఇంకో మూల ఎండుతోంది. టైమర్ చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండమన్నవాళ్లు ఈ మాట చెప్పలేదు.

గేటు వైపు నాజిళ్లు మార్పించి, నాలుగేసి నిమిషాల చొప్పున మూడు విడతలుగా, మధ్యలో నలభై నిమిషాలు ఆగేలా పెట్టాను. రోడ్డెక్కడం ఆగింది. మే నెలలో వారానికి నాలుగు రోజులు, వారం మొత్తానికి సుమారు 1,900 లీటర్లు. చలికాలంలో వారానికి ఒక్క రోజు చాలు. ఎప్పుడు పెంచాలో నేను టైమర్‌ను అడగను, గడ్డిని అడుగుతాను. నడిచి వెనక్కి చూస్తే అడుగుల ముద్రలు లేవకుండా అలాగే ఉండిపోయి, పోచలు నీలిబూడిద రంగుకు తిరిగితే దాహం వేసినట్టు.

మొదట్లో సాయంత్రం ఏడింటికి తిప్పేవాణ్ని, అరుగు మీద కూర్చుంటే చల్లగా ఉంటుందని. రాత్రంతా తడి ఆరక వానాకాలానికి గుండ్రటి గోధుమరంగు మచ్చలు లేచాయి. తెల్లవారుజాము నాలుగున్నరకు మార్చాక తగ్గాయి. రోహిణి కార్తెలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, రాళ్లు పగిలే ఎండలో, స్ప్రింక్లర్లు లేచాయి. ఉదయం కరెంటు పోయి తొమ్మిదింటికి వచ్చింది. గడియారం సున్నా నుంచి మొదలైంది, దాని లెక్కలో అది తెల్లవారుజామే! పెట్టెలో బ్యాటరీ వేసే చోటు ఖాళీగా ఉందని అప్పుడు చూశాను.

బోరు నీళ్లు ఉప్పన. నాజిల్ మూతి చుట్టూ తెల్లటి పొక్కు కడుతుంది, చిమ్మే నీటిలో ఒక చీలిక తగ్గితే చాలు, అక్కడ వారంలో ఎర్రబారిన గీత కనిపిస్తుంది. రెండు నెలలకోసారి నాజిళ్లు విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాను. ఎనిమిదికీ కలిపి గంట పని. గొట్టం పట్టుకుని రోజూ గంట నిలబడటంతో పోలిస్తే నాకిది నయమే, అయినా "చేయి పెట్టక్కర్లేదు" అన్న మాట మాత్రం శుద్ధ అబద్ధం.

వాన పడుతుండగా స్ప్రింక్లర్లూ తిరుగుతుంటే పక్కింటివాళ్లు నవ్వారు. రెండో ఏడు వాన సెన్సర్ పెట్టించాను. తడికి ఉబ్బి కరెంటు ఆపే బిళ్లలు, అంతే. ఇంత సరంజామాలో ఒక్కసారి కూడా విసిగించనిది అదే.

మళ్లీ కొనాల్సి వస్తే స్ప్రింక్లర్లనే కొంటాను. కానీ మొదటి రోజు నుంచే మెల్లగా తిరుగుతూ సన్నటి ధారలు చిమ్మే నాజిళ్లు అడుగుతాను. రేగడికి ఆ నిదానమే సరిపోతుంది. డబ్బు ఇచ్చేముందు ప్రెషర్ గేజి పెట్టి చూపించమంటాను.

వేపచెట్టు కింద మూల మాత్రం మూడుసార్లు గడ్డి పరిచినా బతకలేదు. ఎండ తగలని చోట ఎన్ని నీళ్లు పోసినా నాచే పట్టింది. అక్కడి స్ప్రింక్లర్‌కు బిరడా బిగించి రెండు కుర్చీలు వేశాం. వినాయక చవితి ముందు సాయంత్రం అమ్మ అక్కడే కూర్చుని పత్రిలోకి గరిక ఏరుకుంటుంది. కోత యంత్రం అందుకోని గోడవార పోచలే కావాలి ఆమెకు. మధ్యలోవి మరీ పొట్టివట.